నీటిరంగులూ నేతగాని కన్నూ

రంగు వాడే నేర్పు పుట్టుకతో రావలసినదే గాని చెబితే వచ్చేది కాదని మన చిత్రలేఖనోపాధ్యాయులలో ఒక నమ్మిక బలంగా పాతుకొని ఉన్నది. గీత నేర్పవచ్చునట, వెలుగునీడలు నేర్పవచ్చునట. రంగు మాత్రం దైవదత్తమట. వినడానికి ఈ మాట వినయంగానే ఉంటుంది. నేర్పవలసినవాడు నేర్పకుండా తప్పించుకొనడానికి ఇంతకంటె మర్యాదైన త్రోవ మరొకటి లేదు.

దైవదత్తమే అయితే, రాజమహేంద్రవరంలో ఒక్క గురువు చుట్టూనే అంత వెలుగు ఎట్లు పుట్టింది? ప్రభుత్వ కళాశాల అధ్యక్షుడుగా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా నీటిరంగులు వేసేవాడు. దామెర్ల రామారావు ప్రతిభను గుర్తించి, బొంబాయి జె. జె. చిత్రకళాశాలకు దారి చూపినవాడు ఆయనే. అడివి బాపిరాజు కూడ ఆయన శిష్యుడే. దామెర్ల 1925లో ఇరువది ఎనిమిదవ యేటనే కన్నుమూశాడు. అయినా ఆ కొద్దికాలంలోనే తానూ ఇతరులకు నేర్పాడు. ప్రతిభ లేదని నేననను. దానిని చూచే గురువు లేకపోతే అది గోదావరిలో కలిసిపోతుందని మాత్రమే అంటాను.

ఈ వాదం ఎంత పొల్లో చూడదలచినవారు సూరత్ నగరంలోని లింబాయత్ పేటకు పోవాలి. సొంత ఊళ్ళలో చేతిమగ్గం కూడు పెట్టక, తెలంగాణ నుండి మరమగ్గాల పనికి తరలివచ్చిన పద్మశాలి కుటుంబాలు తరతరాలుగా అక్కడ కాపురముంటున్నవి. ఆ నగరపు పురపాలక పాఠశాలలలో తెలుగు మాధ్యమం కూడ ఉన్నది. మగవారు మగ్గాల మీదికి పోతే, ఆడవారు ఇంటి అరుగుమీద చీరలకు అంచులు కుట్టుతూ, మెరుపురాళ్ళు అతుకుతూ ఉంటారు. ఆ ఇంటి పిల్లకు చిలకపచ్చ ఎర్రంచు పక్కన రగులుతుందనీ, అదే పచ్చ పసుపు పక్కన నీలివైపు ఒదిగి చల్లబడుతుందనీ ఎవరూ చెప్పనక్కరలేదు. రోజంతా చూస్తూనే ఉన్నది. నీలపు పడుగులో పచ్చని పేక పడితే నెమలికంఠం ఎట్లు పుడుతుందో ఆమె తాత ఎరుగును.

అటువంటి పిల్ల చేతికి బడిలో మనమేమి ఇస్తున్నాము? పన్నెండు రంగుబిళ్ళల పెట్టె, గోడకు తగిలించిన ఒక పటం. ఆకాశం నీలం, ఆకు పచ్చ, మాను గోధుమరంగు. గీత దాటకుండా పూయాలి. సున్నం కొట్టిన గోడమీది సాయంకాలపు నీడను ఊదాగా వేసిన ఒక బాలుని పటంమీద, నీడ నల్లగా ఉండాలని ఎర్రసిరాతో దిద్దిన దిద్దుబాటును నేనొకచోట చూచాను. ఆ బాలుడు తన కంటితో చూచి వేశాడు. దిద్దినవారు గోడవంక చూడనే లేదు. దైవదత్తమైనది ఏదైనా ఉంటే, దానిని ఆ ఎర్రసిరా తుడిచివేసింది.

మరికొందరున్నారు. సూరత్ చీరలలో రంగులు కేకలు పెడుతవి, వాటి మధ్య పెరిగిన కన్ను చెడిపోయినదని వారి అభియోగం. వీరికి సమాధానం పారిస్ నగరంలో ఎప్పుడో దొరికింది. గోబెలిన్ల నేతశాలలో అద్దకపు విభాగానికి అధికారిగా ఉన్న రసాయనవేత్త షెవ్రల్‌కు ఒక ఫిర్యాదు వచ్చింది: నలుపు నూలులో బలం లేదని. ఆయన పరీక్షించి చూస్తే అద్దకంలో లోపమేమీ లేదు. పక్కనున్న నీలమూ ఊదా ఆ నలుపును వెలవెలబోయేటట్లు చేస్తున్నవి. ఈ సంగతిని పరిశోధించి 1839లో ఆయన ప్రకటించిన గ్రంథాన్ని తరువాతి చిత్రకారులు వేదంలా చదివారు. అంటే రంగు శాస్త్రం చిత్రకారునికి నేతశాలనుండే అందినదన్నమాట! కేకపెట్టే రంగు ఉండదు. ఇరుగుపొరుగు కుదరని రంగు ఉంటుంది.

అట్లని మగ్గపు తెలివి ఒక్కటే చాలునని చెప్పబోవడం లేదు. పోగు పోగు పక్కన నిలుస్తుంది. దాని రంగు దానికే ఉంటుంది. నీటిరంగు అట్లు కాదు. అది కాగితంమీద పలుచని పొర. వెలుతురు ఆ పొరను దాటి, కింది తెలుపును తాకి, తిరిగి మన కంటికి వస్తుంది. దారి మూసుకొంటే రంగు చచ్చిపోతుంది. నాలుగు బిళ్ళలు కలిపి రుద్దితే బురద మిగులుతుంది. తడిమీద నిండుగా కనిపించినది ఆరిన తరువాత వెలిసినట్లుంటుంది, కాబట్టి చేయి ఒక మెట్టు ముందుగానే తెగించాలి. ఇవన్నీ నేర్వవలసినవి, నేర్పదగినవి.

ఎట్లు నేర్పాలి? పెట్టె చిన్నది చేయండి. ఒక నెల ఒక్కటే రంగు, నీటి పాలు మార్చుతూ లేత నుండి ముదురుకు పది మెట్లు. తరువాత రెండే: అల్ట్రామెరీన్ నీలము, కాల్చిన సియన్నా మన్ను. ఈ రెండూ కలిస్తే పుట్టే బూడిదవన్నెలు ఎన్నో లెక్కపెట్టలేము. ఒక పాలు నీలం పెరిగితే వానమబ్బు, ఒక పాలు మన్ను పెరిగితే ఎండిన చెరువుగట్టు. నలుపు బిళ్ళ ఎందుకో అప్పుడు పిల్లవాడే అడుగుతాడు. మూడవ రంగుకు తొందర లేదు.

అద్దకంవాని నుండి చిత్రకారుడు నేర్వవలసినది మరొకటి ఉన్నది. ఈ రంగు నిలుస్తుందా అన్నది అతని మొదటి ప్రశ్న. మన కోస్తాలో చిరివేరుతో అద్దిన ఎరుపులోని సారం అలిజరిన్. దానిని 1868లో జర్మను రసాయనవేత్తలు కృత్రిమంగా చేశారు. అదే కెంపురంగై నీటిరంగుల పెట్టెలోనికి వచ్చింది. ఎండకు అది వెలుస్తుంది. ఎన్ని పెట్టెలమీద ఈ మాట చెప్పి అమ్ముతున్నారు, ఎందరు కొనేవారు అడుగుతున్నారు?

మరమగ్గం కార్మికుని బిడ్డకు నీటిరంగులు కూడు పెడుతవా అని అడిగే లోకజ్ఞులు ఎప్పుడూ ఉంటారు. ఒకే నమూనాను నాలుగైదు రంగుల జోడింపులలో అచ్చువేయించి అమ్మడం సూరత్ బజారు పద్ధతి. దానిని అక్కడ మ్యాచింగ్ అంటారు. ఏ పూవు ఏ నేలమీద నిలవాలో ఎవరో ఒకరు నిర్ణయిస్తూనే ఉన్నారు, ఇప్పుడు కంప్యూటరు ముందు కూర్చుండి. ఆ కుర్చీ నేసినవాని బిడ్డకు దూరమని ఎవరు శాసించారు? కూటిమాట అటుంచినా, సున్నపుగోడమీద ఊదానీడను చూచిన కన్నుకు అది నిజమేనని చెప్పించుకొనే హక్కు లేదా?

పన్నెండు బిళ్ళల పెట్టెను ఒక యేడు పక్కన పెట్టించండి. పిల్లలు ఇంట్లో రాలిన చీరపీలికలు తెస్తారు. ఒక్కొక్క పీలికను కాగితంమీద అంటించి, దాని పక్కన మూడే రంగులతో అదే వన్నె పట్టమని చెప్పండి. పట్టిన తరువాత పీలికను మరొక పీలిక పక్కకు మార్చి, మళ్ళీ చూడమనండి. ఖర్చు పెరగదు, తగ్గుతుంది. ఇక అడ్డమేమిటో, రంగు దైవదత్తమన్నవారే సెలవియ్యాలి.