ఏం కూర?

అమీర్‌పేటలో మెట్రో దిగి మైత్రీవనం వైపు నాలుగడుగులు వేయండి. చేతిలో పడే కరపత్రాలతో ఏడాది పుస్తకాలకు అట్టలేసుకోవచ్చు! జావా పోయి పైథాన్, దాని వెనకే ఏఐ... కోర్సులు మారుతూనే ఉంటాయి. హాస్టల్ ఉప్మా మాత్రం మారదు.

ఇక్కడి కుర్రాళ్లకు క్యాలెండర్‌తో పనిలేదు. పళ్లెంలో టిఫిన్ చూసి ఏ వారమో చెప్పేస్తారు. సాంబారులో ములక్కాడ తగిలినవాడు ఆ పూటకి హీరో. ఆదివారం చికెన్ ఒంటిగంటకైతే పన్నెండున్నరకే క్యూ. ఆలస్యంగా లేచిన మహానుభావుడికి పులుసే ప్రాప్తం.

రాత్రి తొమ్మిదికి ఇంటినుంచి ఫోను.

'తిన్నావా నాన్నా?'

'ఆ... తిన్నానమ్మా.'

'ఏం కూర?'

అసలు చిక్కంతా ఇక్కడే. వంకాయంటే 'నీకు పడదు కదరా' అంటుంది. పప్పంటే 'రోజూ పప్పేనా' అని బెంగపడుతుంది. అందుకే అనుభవజ్ఞులు 'బంగాళదుంప వేపుడు' అనేసి గండం గట్టెక్కుతారు.

తర్వాత ఫోను నాన్న చేతికి. 'డబ్బులున్నాయా?' అంటారాయన. జేబులో యాభై రూపాయలే ఉన్నా 'ఉన్నాయి నాన్నా' అంటాడు వీడు. 'మొహమాటపడకు, కావాలంటే అడుగు' అంటారాయన, కోచింగ్ ఫీజుకు అప్పు తెచ్చిన మాట బయటికి రానీయకుండా. ఇద్దరూ ఇద్దరే!

మీవాడూ హాస్టల్లోనే ఉన్నాడా? ఈ రాత్రి డబ్బుల మాటెత్తకుండా ముందు ఓ ఐదొందలు పంపండి. ఆ తర్వాత కూర సంగతి అడగండి. ఈసారి నిజమే చెబుతాడు.