గంపకు సర్వే నంబర్ లేదు



పోయిన భాగం శ్మశానాల గురించి. ఈసారి సంత గురించి.

మన సీమ పట్టణాల్లో ఈమధ్య ఒక నోటీసు తరచూ కనబడుతోంది. రోడ్డు విస్తరణ కావచ్చు, కొత్త మార్కెట్ కాంప్లెక్సు కావచ్చు, మాస్టర్ ప్లాన్ కావచ్చు. అన్నిటి అడుగునా ఒకటే వాక్యం: "ముసాయిదాపై అభ్యంతరాలు, సూచనలు ఉన్నచో గడువులోగా రాతపూర్వకంగా సమర్పించవచ్చును." దీన్నే ప్రజాభిప్రాయ సేకరణ అంటున్నారు. నేను తరగతిలో వ్యాకరణం చెప్పి జీతం తీసుకునేవాణ్ణి కాబట్టి మొదట ఒకటి పట్టుకున్నాను. ఆ వాక్యంలో కర్త లేడు. ఎవరు సమర్పించవచ్చు? ఎవరి అభ్యంతరం అభ్యంతరంగా లెక్కకొస్తుంది? ఈ వ్యాసమంతా ఆ ఒక్క ప్రశ్నే.

కదిరి, రాయదుర్గం, కళ్యాణదుర్గం, మడకశిర, ఉరవకొండ, గుత్తి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే మెట్టనేలలో ఈ ఊళ్లు పెరిగింది చుట్టుపక్కల పల్లెల బేరాల మీద. శెనక్కాయ, చింతపండు, టమోటా, గొర్రెలు వచ్చే దారులు కలిసిన చోట బజారు పడింది. పంట పోయిన ఏడు భూమి లేనోళ్లకు రెండే దారులు: ఒకటి బెంగళూరు బస్సు, ఇంకోటి ఈ బజారు. గంపలో ఆకుకూరలు, తోపుడుబండి మీద అరటిపండ్లు, గోనె పరుచుకుని చెప్పులు కుట్టడం, లారీలకు మూటలెత్తడం. ఈ పనుల్లో ఎక్కువగా ఏ కులాల వాళ్లుంటారో మీకు నేను చెప్పనక్కర్లేదు.

మా ఊళ్లో (పేరు రాయను, మీ ఊరే అనుకోండి) ముసాయిదా మ్యాపు గోడకు పెట్టారంటే నలుగురు విద్యార్థులతో వెళ్లి చూశాను. పసుపు రంగు నివాసం, నీలం రంగు వాణిజ్యం. సర్వే నంబర్లున్నాయి. రోడ్డు ఇప్పుడెంత, రేపెంత అని కొలతలున్నాయి. వారం వారం జరిగే సంత మాత్రం ఎక్కడా లేదు. వారానికొకరోజు నిండి, సాయంత్రానికి ఖాళీ అయ్యే చోటుకు మ్యాపులో రంగు కేటాయించలేదు.

ఆ రోడ్డు వారనే కూచునే ఒక అవ్వను అడిగాను. "రోడ్డు పెద్దది చేస్తారంట అవ్వా, నీకేమన్నా చెప్పినారా?"

"చేస్తే మంచిదే గదా నాయనా, లారీలు మీదికొచ్చేది తప్పుతుంది. మరి నా గంప యాడ పెట్టుకునేది?"

పట్టణ ప్రణాళిక మీద ఇంతకంటే మంచి సూచన నేను వినలేదు. రోడ్డు కావాలంది. ఆ ప్లాన్ మరిచిపోయిందేమిటో ఒక్క ముక్కలో చెప్పింది. కానీ అది రాతపూర్వకంగా లేదు, అవ్వకు సర్వే నంబర్ లేదు. ఆ మాట ఏ ఫైల్లోకీ ఎక్కదు.

ఇక్కడ చట్టం పుట్టిన కాలాన్ని చూడాలి. మన మున్సిపాలిటీల మాస్టర్ ప్లాన్లకు పాత పునాది మద్రాసు ప్రెసిడెన్సీ 1920లో చేసిన పట్టణ ప్రణాళిక చట్టం. అహుడా లాంటి పట్టణాభివృద్ధి సంస్థలకు 2016 చట్టం వచ్చింది గానీ, ముసాయిదా ప్రకటించి అభ్యంతరాలు పిలిచే పద్ధతి మాత్రం పాతదే. 1920 అంటే ఓటు ఆస్తికీ పన్నుకీ కట్టేసి ఉన్న రోజులు. అభ్యంతరం చెప్పేవాడంటే ఆ రోజుల్లో ఇల్లో, స్థలమో ఉన్నవాడే. 1928లో సైమన్ కమిషన్ ముందు అంబేద్కర్ వయోజనులందరికీ ఓటు కావాలని అడిగాడు. రాజ్యాంగం దాన్ని ఇచ్చింది. ఓటుకు ఆస్తి అర్హత పోయింది. అభ్యంతరానికి ఇంకా పోలేదు. నేను చెప్పదలచుకున్నది ఇదే.

నష్టపరిహారంలో ఇది స్పష్టంగా కనబడుతుంది. రోడ్డు విస్తరణలో స్థలం పోయినవాళ్లకు డబ్బుకు బదులు టీడీఆర్ బాండ్లు ఇవ్వడం మన రాష్ట్రంలో అలవాటైంది. ఆ బాండుతో ఇంకోచోట అదనపు అంతస్తు కట్టుకోవచ్చు, లేదా అమ్ముకోవచ్చు. అది స్థల యజమానికి. ఆయన అరుగు మీద అద్దెకు టీకొట్టు నడిపేవాడికి లేదు. ఆ కొట్టు ముందు గంప దించుకునే అవ్వకు అసలే లేదు. డీకేటీ పట్టా చేతిలో ఉన్నవాడు కూడా "అది సర్కారు భూమే గదా" అన్న మాట ఒకసారి విని రావాల్సిందే. ఒకే రోడ్డు ముగ్గురి బతుకునూ లేపుతుంది. కాగితం ఒకరిదే చూస్తుంది.

"మరి వార్డులో మాట్లాడుకోవచ్చు గదా" అంటారు. పల్లెకు రాజ్యాంగం గ్రామసభను గుర్తించింది. పట్టణానికి వార్డు కమిటీలన్నది, కానీ వాటిని తప్పనిసరి చేసింది జనాభా మూడు లక్షలు, ఆ పైన ఉన్నచోట మాత్రమే. 2011 లెక్కల్లో అనంతపురం నగరపాలక సంస్థ జనాభానే మూడు లక్షల లోపు. ఇక కదిరి 89 వేలు, రాయదుర్గం 61 వేలు. అంటే పల్లెలో ఉన్నప్పుడు కనీసం కాగితం మీదైనా సభ ఉన్న మాదిగ కూలీకి, బతకడానికి ఇలాంటి పట్టణం చేరేసరికి రాజ్యాంగం ఇచ్చిన ఆ హామీ ఉండదు.

జాషువా 1941లో గబ్బిలం రాశాడు. గుడిలోకి పోలేని మనిషి తన గోడును గబ్బిలంతో దేవుడికి చెప్పి పంపుతాడు. ఈరోజు ఆఫీసు తలుపు మనకు తెరిచే ఉంది. అయినా మన వాడ అభిప్రాయం అక్కడికి పోయేది మధ్యవర్తి ద్వారానే. కౌన్సిలర్ వెంట తిరిగే ఒకాయన వస్తాడు, "మీ తరఫున నేను చెప్తాలే" అంటాడు. గబ్బిలమైతే కనీసం కమీషన్ అడగలేదు.

మహాడ్‌ను గుర్తు చేసుకోండి. అదీ ఒక చిన్న వ్యాపార పట్టణమే. 1924 జనవరిలో ఆ మున్సిపాలిటీ చవదార్ చెరువు అందరిదీ అని తీర్మానం చేసింది. మూడేళ్లు అది కాగితంగానే ఉంది. 1927 మార్చి 20న అంబేద్కర్ వెంట జనం నడిచి నీళ్లు తాగితే దెబ్బలు పడ్డాయి. ఆగస్టులో మున్సిపాలిటీ తన తీర్మానాన్ని తానే రద్దు చేసుకుంది. బొంబాయి హైకోర్టులో గెలిచేసరికి 1937. పట్టణంలో ఉమ్మడి చోటు మనదని తీర్మానం పుస్తకంలో రాసినంత మాత్రాన మనది కాదని మహాడ్ చెప్పింది. వందేళ్లు కావస్తోంది. చెరువు స్థానంలో ఇప్పుడు రోడ్డు వార ఉంది.

మన చేతిలో ఆయుధం లేకపోలేదు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం టౌన్ వెండింగ్ కమిటీలో 40 శాతానికి తక్కువ కాకుండా వ్యాపారులు ఎన్నుకున్న వాళ్లే ఉండాలి. వాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు. ఎస్సీ, ఎస్టీలకు తగిన చోటుండాలి. సర్వే పూర్తయి, అందరికీ సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవర్నీ లేపకూడదు. యాభై ఏళ్లకు పైబడి నడుస్తున్న సహజ బజార్లను వారసత్వ బజార్లుగా ప్రకటించాలని, అక్కడివాళ్లను తరలించకూడదని కూడా ఆ చట్టం షెడ్యూల్లో ఉంది. మన సంతల్లో యాభై ఏళ్లు దాటనిది ఎన్ని? 2020లో స్వనిధి పథకం కింద పదివేల అప్పు ఇచ్చేటప్పుడు ఇదే సర్కారు వాళ్లను వీధి వ్యాపారులుగా గుర్తించింది. అప్పు వసూలుకు గుర్తున్న మనిషి ప్లాన్ గీసేటప్పుడు ఎందుకు గుర్తు రాదు?

"మీరు అభివృద్ధికి అడ్డం" అనేవాళ్లకు ఒక మాట. ఇరుకు రోడ్డులో అంబులెన్సు ఆగిపోతే పోయే ప్రాణాల్లో మావీ ఉంటాయి. కాలువ లేని బజారు మురుగు వచ్చి నిలిచేది మా వాడలోనే. మంచి రోడ్డు, కాలువ, మరుగుదొడ్డి, నీడ అందరికంటే ఎక్కువ కావలసింది రోజంతా రోడ్డు మీద కూచునే ఆడవాళ్లకు. దుకాణాలు పోయే షావుకార్ల బాధ కూడా అబద్ధం కాదు. వాళ్ల మాట వినడానికి మీటింగులు జరుగుతున్నాయి, జరగనీయండి. మేమడిగేది ఆ గదిలో మాకూ కుర్చీలు.

అడగవలసినవి ఇవి:

1. మ్యాపు ఖరారు కాకముందే, సంత రోజున, సంతలోనే సభ పెట్టాలి.
2. ఎస్సీ కాలనీలో కూలి నుంచి వచ్చాక సాయంత్రం పూట ఇంకో సభ. మ్యాపును తెలుగులో చదివి, చూపించి చెప్పాలి.
3. నోటితో చెప్పిన అభ్యంతరాన్ని సిబ్బందే రాసుకుని రసీదు ఇవ్వాలి.
4. ప్రతి అభ్యంతరానికీ కారణంతో జవాబు రావాలి. "పరిశీలించడమైనది" అనేది జవాబు కాదు.
5. వెండింగ్ కమిటీ ఎన్నిక, సర్వే అయ్యేదాకా ఒక్క గంపనూ కదపకూడదు.

విద్యార్థులకు పని ఉంది. గంపకు సర్వే నంబర్ లేదు గానీ తైబజారు రసీదు ఉంది. రోజూ ఆ చీటీ చింపి డబ్బు వసూలు చేశారంటే, ఈ మనిషి ఇక్కడ కూచుంటోందని ఒప్పుకున్నట్టే. చాలామంది ఆ చీటీని సాయంత్రానికి పారేస్తారు. పారేయొద్దని చెప్పండి. ఒక్కొక్కరు పదిమందిని కలవండి. ఎక్కడ కూచుంటారు, ఎన్నేళ్లుగా, స్వనిధి కాగితం ఉందా, రసీదులున్నాయా, రాసుకోండి. వాళ్ల మాటను వాళ్ల మాటల్లోనే రాయండి, మీ తెలుగులోకి దిద్దకండి. వేలిముద్ర వేస్తే వేలిముద్రే. మీ పట్టణంలో వెండింగ్ కమిటీ చివరిసారి ఎప్పుడు కూచుందో, ఆ మినిట్స్ కాపీ ఇవ్వమని సమాచార హక్కు కింద అడగండి. అన్నీ కట్టగట్టి, గడువు ముగియకముందే ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి.

నోటీసులో కర్త లేడని మొదట్లో అన్నాను. ఖాళీగా ఉంది కాబట్టి మన పేర్లు రాసేద్దాం. వచ్చే సంత రోజున నేను పొద్దున ఆరుకే అక్కడుంటాను. నోటు పుస్తకాలు తెచ్చుకోండి.

వచ్చే భాగంలో, వచ్చిన జవాబుల గురించి. రాకపోతే, రాని జవాబుల గురించి.

జై భీమ్.