పోకరు వార్తలకు కొత్త వ్యాఖ్యాత

పోకరు వార్తల పాడ్‌కాస్టుకు వ్యాఖ్యాత మారినప్పుడు పేరుమోసిన ఆటగానిని వెదకుట వాడుక. ఇందుకు మేము సమ్మతింపము. ఆడించువారి జీతము తిన్న నోరు వారి తప్పును చెప్పునా? రమ్మీ ప్రధానముగా నైపుణ్యపు ఆటయని సుప్రీంకోర్టు 1968లో అన్న మాటను జూదరులు నేటికిని వల్లింతురు. పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధించిన 2025 నాటి కేంద్ర చట్టము నైపుణ్యము, అదృష్టము అను భేదమునే పాటింపదు. వాని ప్రచారమును సైతము నేరమనుచున్నది. ఈ సంగతిని ఏ ఆటగాడు విప్పి చెప్పును?

మన క్యాతగానచెర్లు వంటి సరిహద్దు గ్రామమునకు చిక్కు మరియొకటి కలదు. ఆంధ్రప్రదేశ్ 2020లో ఈ ఆటలను నిషేధించినది. కర్ణాటక 2021లో నిషేధింపగా, 2022 ఫిబ్రవరిలో హైకోర్టు ఆ నిబంధనలను కొట్టివేసినది. ఆంధ్రలోని బంధువుల ఇంట నేరమైనది మన ఇంట నేరము కాకపోయెను! కన్నడ పత్రిక చదివి, తేటతెలుగున ఇట్టివి చెప్పగలవాడు, పేక ముట్టని బడిపంతులైనను సరే, మాకు చాలును.