నాదోపాసన - జీవనోపాధి

సంగీతం దైవదత్తమనీ, దానిని విక్రయించరాదనీ లోకంలో ఒక భావన స్థిరపడి ఉంది. ఈ భావన గలవారు త్యాగరాజస్వామి ఉంఛవృత్తిని నిదర్శనంగా చూపుతారు. ఆయన రాజాశ్రయాన్ని కాదన్నాడన్నది ప్రసిద్ధమే. అయితే ఉంఛవృత్తికి మరొక పార్శ్వం కూడా ఉంది. భాగవతుడు పాడుతూ వీథివెంట వచ్చినపుడు గృహిణి గుప్పెడు బియ్యం పాత్రలో వేసేది. అనగా గాయకుని పోషణభారాన్ని ఊరు వహించింది. ఆలయ వాద్యకారులకు మాన్యాలుండేవి. సంస్థానాలలో విద్వాంసులకు వర్షాశనాలు ముట్టేవి. 1948లో మద్రాసు రాష్ట్రంలో ఎస్టేటుల రద్దు చట్టం వచ్చాక జమీందారుల ఆశ్రయం క్రమంగా అంతరించింది. ఆశ్రయం పోయింది గాని, కళను అమ్ముకోరాదన్న నీతి మాత్రం మిగిలింది. దాని భారమంతా ఇప్పుడు కళాకారుని ఒక్కని మీదే పడింది.

మంగళవాద్య కళాకారుని జీవితం ఇందుకు తార్కాణం. సన్నాయి, డోలు లేని పెండ్లి తెలుగునాట శోభించదు. కాని ఆషాఢం, పుష్యం శూన్యమాసాలు. గురు శుక్ర మౌఢ్యాలలో ముహూర్తాలుండవు. మంచి ముహూర్తమున్న నాడు నాలుగు ఊళ్ళనుండి పిలుపు వచ్చినా అతడు వెళ్ళగలిగేది ఒక్క ఊరికే. తరువాత నెలల తరబడి పిలిచేవారుండరు. ముహూర్తాలకు మౌఢ్యముంది గాని ఆకలికి లేదు. కనుక కళాకారుడు అదనపు ఆదాయమార్గాన్ని అన్వేషించడం తప్పు కాదు, అవసరం.

ఆ మార్గం విద్యను ఆశ్రయించి ఉండడం మేలు. మొదటిది బోధన. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల వెలసినపుడు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షుడయ్యాడు. ద్వారం వేంకటస్వామినాయుడు అక్కడ వాయులీనం బోధించాడు. ఆ కొలువు వారి కీర్తిని తగ్గించలేదు సరికదా, శిష్యపరంపరను పెంచింది. నేడు అంతర్జాలం గురువును దేశాంతరాలకు చేరుస్తోంది. అమెరికాలో సాయంకాలమయ్యేసరికి ఇక్కడ తెల్లవారుతుంది. ప్రవాసాంధ్రుల పిల్లలకు ఉదయాన పాఠం చెప్పినా, పగటిపూట సాధనకు మిగులుతుంది.

రెండవది వాద్యపరిజ్ఞానం. వీణకు గల ఇరువది నాలుగు మెట్లను మైనంపై నిలుపుతారు. కాలక్రమంలో మైనం సడలితే స్వరస్థానాలు తప్పుతాయి. వాటిని సరిచేయడానికి పనితనంతోపాటు శ్రుతిజ్ఞానం కూడా కావాలి. ఆ నేర్పు గల వైణికునికి అది గౌరవప్రదమైన ఉపాధి.

మూడవది హక్కు. 2012లో కాపీరైటు చట్టానికి జరిగిన సవరణ పాటల రచయితలకు, స్వరకర్తలకు రాయల్టీలో వాటాను పదిలపరచింది. తమ ప్రదర్శనను వాణిజ్యానికి వినియోగించినపుడు గాయకులకు, వాద్యకారులకు కూడా రాయల్టీ పొందే అర్హత కల్పించింది. ఒప్పందపత్రాన్ని చదవకుండా సంతకం చేసే కళాకారుడు తన శ్రమఫలాన్ని తానే వదులుకొంటాడు. రాగలక్షణం తెలిసినట్లే ఒప్పందంలోని షరతులూ అతనికి తెలియాలి.

ఈ వ్యాపకాలవల్ల సాధన కుంటుపడుతుందని కొందరి ఆక్షేపణ. అది నిరాధారం కాదు. ఉదయంనుండి రాత్రివరకు సరళీస్వరాలు చెప్పి అలసిన గాయకుడు తాను రాగాలాపన చేసేదెప్పుడు? అందువల్ల ఆదాయానికి ఒక ఒరగల్లు ఉండాలి. సాధనకు వ్యవధి కల్పించే సంపాదన కళకు అండ. సాధననే హరించే సంపాదన కళకు చేటు.

అయినా భారమంతా కళాకారునిదే అనడం న్యాయం కాదు. పందిరికి, విందుకు బేరమాడక చెల్లించి, సన్నాయి వాయించినవాని వద్దనే గీచి గీచి బేరమాడడం మన వేడుకలలో కనిపించే వింత. వేదిక ఇవ్వడమే పారితోషికమని చెప్పే నిర్వాహకులూ ఉన్నారు. చప్పట్లతో పొయ్యి వెలగదు. తండ్రి విద్య తమకు అన్నం పెడుతుందన్న నమ్మకం కలిగిననాడే కొడుకుగాని, కూతురుగాని ఆ వాద్యాన్ని చేతబడతారు. ఆ నమ్మకాన్ని కలిగించవలసినవారు కళాకారులే కాదు, వారి కళను విని ఆనందించేవారు కూడా.