కాలర్ మొనకు కూలి కట్టేదెవరు?

చొక్కా ఎంత ఓపిగ్గా కుట్టారో తెలియాలంటే దర్జీలు ముందు చూసేది కాలర్ మొనలే. రెండూ ఒకే పొడవుండాలి, సూటిగా దిగాలి, చివర ఉబ్బు కనిపించకూడదు. జేబు కాస్త వంకరపోయినా కంటికి ఆనదు. మొన మొద్దుబారిందా, కొత్త చొక్కా కూడా పాతదానిలాగే ఉంటుంది.

చాలామంది ఈ లోపాన్ని కాలర్ తిరగేసేటప్పుడు సర్దబోతారు. లోపలికి కత్తెర కొన దూర్చి గట్టిగా పొడుస్తారు. గుడ్డ చిరుగుతుంది, లేదా పోగులు బయటపడతాయి. నిజానికి మొన సంగతి అంతకుముందే, మిషన్ మీదే తేలిపోతుంది. మూల దగ్గరపడేసరికి కుట్టు సన్నం చెయ్యాలి. సూదిని గుడ్డలోనే ఉంచి, పాదం ఎత్తి, గుడ్డను సగం తిప్పి, మూలకు అడ్డంగా ఒకే ఒక్క కుట్టు వేసి, అప్పుడు రెండో వైపు మళ్లాలి. పదునైన మొన కావాలంటే మూలను మొద్దు చెయ్యమనడం తిరకాసుగానే ఉంటుంది. కానీ ఆ అడ్డ కుట్టుతోనే లోపలి మడతకు చోటు దొరుకుతుంది. కాలర్ లోపల పెట్టే గట్టి గుడ్డ, అంటే బక్రం, మూలను ముందే కోసేసి, మిగిలిన అంచును కుట్టు తెగకుండా ఏటవాలుగా కత్తిరించాలి. కింది ముక్క పైదానికంటే పిసరంత చిన్నదైతే కుట్టు గీత కిందికి ఒదిగిపోతుంది. చెయ్యి తిరిగినవాళ్లు మూల కుట్టుకు ఒక దారం తగిలించి, దాన్ని లాగి మొనను బయటికి తెస్తారు. కత్తెరతో పనే లేదు. ఆపైన ఇస్త్రీ, చివరగా పై కుట్టు.

రెడీమేడ్ ఫ్యాక్టరీల్లో కాలర్ తిరగేసి, వేడితో నొక్కి మొన తీర్చే యంత్రాలుంటాయి. ఇంట్లో మిషన్ పెట్టుకున్న మహిళకు ఉన్నది చెయ్యీ, ఇస్త్రీ పెట్టే.

తెలంగాణలో సర్కారు బడి పిల్లల యూనిఫాంలు కుట్టే పనిని 2024లో మహిళా సంఘాలకు అప్పగించారు. కుట్టుకూలిని రూ.50 నుంచి రూ.75కు పెంచారు. పెంపు మంచిదే. కానీ ఆ రూ.75లో, బడులు తెరిచేలోగా ఇవ్వాలన్న తొందరలో, అడ్డ కుట్టుకూ దారం కిటుకుకూ తీరిక ఎక్కడిది? పిల్లల బట్టలకు అంత నగిషీ ఎందుకనేవారుంటారు. వారు ఒక్కసారి ఉతికే బండ దగ్గర చూడాలి. అంచు సరిగా కత్తిరించక లోపల గుడ్డ ముద్దకట్టిన మొనే ముందుగా రాసుకుని చిల్లుపడుతుంది.

కాలర్ పనికి కూలి చాలకపోవడం ఇవాళ్టి గొడవ కాదు. అమెరికాలోని ట్రాయ్ పట్టణం విడి కాలర్ల తయారీతోనే పేరు తెచ్చుకుంది. అక్కడ కాలర్లు ఉతికి, గంజిపెట్టి ఇస్త్రీ చేసే స్త్రీలు 1864లో కేట్ ముల్లనీ నాయకత్వంలో సంఘం కట్టి, సమ్మె చేసి కూలి పెంచుకున్నారు.

ఇక్కడ సమ్మెదాకా వెళ్లనక్కర్లేదు. కాలర్ ఉన్న చొక్కాకు విడిగా రేటు కట్టాలి. మండలానికొక ఫ్యూజింగ్ ప్రెస్ (బక్రాన్ని వేడితో గుడ్డకు అతికించే యంత్రం), అట్టముక్కతో కోసిన కాలర్ నమూనాలు, ఒక సీనియర్ దర్జీతో రెండ్రోజుల శిక్షణ ఇవ్వాలి. రేటు ఖరారు చేసే అధికారులు ముందు ఆ దర్జీ పక్కన కూర్చుని, ఒక కాలర్ పూర్తవడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో గడియారం చూసి రాసుకోవాలి.