నారు పోసే ముందే లెక్క

గోదావరి ఒడ్డున, చర్ల మండలంలో మిర్చి వేసే రైతుల్లో చాలామంది లాభనష్టాలు చూసుకునేది ఎప్పుడు? ఖమ్మం మార్కెట్లో బస్తాలు దించాక! అప్పటికి దిద్దుకోవడానికి ఏమీ మిగలదు.

నారు పోసే ముందే కాగితం తీయండి. కౌలు, నారు, ఎరువులు, మందులు, కోత కూలి, లారీ కిరాయి, వడ్డీ, చివరికి ఇంటివాళ్ల కష్టం కూడా రాయండి. ఎకరాకు లక్షన్నర అయిందనుకుందాం. 15 క్వింటాళ్లు పండితే క్వింటాకు 10,000 రూపాయలు వస్తేనే అసలు దక్కుతుంది. 2021లోలాగా తామర పురుగు పడి, 12 క్వింటాళ్లే చేతికొస్తే? కోత కూలి కాస్త తగ్గినా మందుల ఖర్చు పెరుగుతుంది. అప్పుడు క్వింటాకు 12,500 కావాలి.

ధర మన చేతిలో లేదు. ఎన్నెకరాలు వేయాలి, ఎంత అప్పు తేవాలి అన్నది మాత్రం మన చేతిలోదే. నిరుటి ధర చూసి కాదు, ఈ కాగితం చూసి వేయండి.