కాగితం ఎక్కని బేరం



మొన్న టీ కొట్టు దగ్గర ఒకాయన అమెరికాలో ఉన్న కొడుకు కబుర్లు చెబుతూ, "అక్కడ ఆమధ్య గవర్నమెంటుకే తాళం వేసేశారంట" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. గవర్నమెంటుకి తాళం ఏంటండీ అని. కానీ నిజమే. 2025 అక్టోబరు 1 నుంచి నవంబరు 12 దాకా, 43 రోజులు. జీతాల్లేకుండా ఉద్యోగాలు చేశారు, కొందరిని ఇంటికి పంపేశారు.

సంగతేంటంటే, అక్కడ ఖర్చుల బిల్లు పాసవ్వాలంటే సెనేట్‌లో వందమందిలో 60 మంది ఒప్పుకోవాలి. ట్రంప్ పార్టీకి ఉన్నది 53. అవతలి పార్టీవాళ్ళు "జనాల ఆరోగ్య బీమాకి ఇచ్చే సాయం పొడిగించండి, అప్పుడు ఓటేస్తాం" అన్నారు. వీళ్ళేమో "ముందు తాళం తియ్యనివ్వండి, తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు. తాళం తీశాక మీరు మాట్లాడతారని నమ్మకం ఏంటని వాళ్ళు. ఆఖరికి అవతలి పక్షంలో కొంతమంది మెత్తబడ్డారు. డిసెంబరులో ఆ బీమా సాయం మీద ఓటింగ్ పెడతామని మాటిస్తే తాళం తియ్యనిచ్చారు. డిసెంబరొచ్చింది, ఓటింగూ పెట్టారు. 60 రాలేదు. ఇచ్చిన మాట తప్పలేదు చూశారా, పని మాత్రం అవలేదు.

మనకెందుకీ గొడవ అంటారేమో. 2025 ఆగస్టులో మన సరుకు మీద 50 శాతం సుంకం వేసినప్పుడు ఆ దేశపు రాజకీయం మన రొయ్యల చెరువు గట్టెక్కి కూర్చుంది కదా. అదలా ఉంచండి. ఈ కథ వినగానే నాకు అమెరికా కాదు, 2011 సార్వా గుర్తొచ్చింది. మన తాళం మనం వేసుకున్న ఏడాది.

కోనసీమలో వేల ఎకరాలు ఊడ్చకుండా వదిలేశాం. పంట విరామం అన్నారు పేపర్లవాళ్ళు. గిట్టుబాటు ధర లేదు, కూలి ఖర్చు అందడం లేదు, మురుగు కాలువలు పూడిపోయి చేలు మునుగుతున్నాయని. అన్నం పెట్టే చేలో గడ్డి మొలుస్తుంటే గట్టు మీద నిలబడి చూసినవాళ్ళకి తెలుస్తుంది అదెంత కష్టమో. దేశం అంతా మనవైపు చూసింది. మోహన్ కందా గారి కమిటీ వేశారు. కమిటీ వచ్చింది, అడిగింది, రాసుకుంది. మనం మళ్ళీ చేలోకి దిగాం. ఇప్పటికీ ఏ డ్రైను పక్కన ఇల్లున్నవాడినైనా అడగండి, పూడిక సంగతి చెబుతాడు. మన దగ్గర ఆరోజు ఏదైనా కాగితం ఉందా? ఫలానా డ్రైను ఫలానా నెలకి తవ్వుతాం అని? లేదు. కమిటీ వేస్తామన్నారు, వేశారు. మాట నిలబెట్టుకున్నట్టే!

ఇదే ఆట ఢిల్లీలో పెద్దది ఆడారు. 2014 ఫిబ్రవరి. 18న లోక్‌సభలో టీవీ ప్రసారాలు ఆగిపోయి ఉండగా రాష్ట్ర విభజన బిల్లు పాసైపోయింది. 20న రాజ్యసభకి వచ్చింది. అక్కడ మన్మోహన్ సింగ్ గారు ప్రధానమంత్రి హోదాలో లేచి, ఆంధ్రకి అయిదేళ్ళు ప్రత్యేక హోదా ఇస్తామన్నారు. అయిదు కాదు పదేళ్ళు కావాలని వెంకయ్యనాయుడు గారు అడిగారు. అందరం విన్నాం. మరి ఆ మాట చట్టంలో ఎందుకు రాయలేదు? రాజ్యసభలో ఒక్క అక్షరం మార్చినా బిల్లు మళ్ళీ లోక్‌సభకి వెళ్ళాలి. సమావేశాలు చూస్తే మర్నాటితో సరి, ఆపైన ఎన్నికలే. మళ్ళీ లోక్‌సభకి పంపితే ఎవరు ఏ మెలిక పెడతారో అని ఒకరి మీద ఒకరికి నమ్మకం లేదు. అందుకని హోదా నోటి మాటగా మిగిలిపోయింది.

ఇప్పుడు అదే చట్టంలో పోలవరం చూడండి. 90వ సెక్షన్. జాతీయ ప్రాజెక్టుగా ప్రకటిస్తున్నాం, కేంద్రమే కడుతుంది, అనుమతులు కేంద్రమే తెస్తుంది అని రాసి ఉంది. ముంపు మండలాల కోసం 2014 జూలైలో చట్టాన్నే సవరించారు. ఆలస్యాలున్నాయి, ఎత్తు మీద తగువులున్నాయి, డబ్బు దగ్గర పేచీలున్నాయి, ఒప్పుకుంటా. అయినా 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం తొలి దశకి మరో 12,157 కోట్లు ఒప్పుకుందంటే ఆ సెక్షన్ ఉండబట్టే కదా. ఏ పార్టీ వచ్చినా పోలవరం మాది కాదని అనలేకపోయింది. హోదా విషయంలో మాత్రం రెండున్నరేళ్ళకే, 2016 సెప్టెంబరులో జైట్లీ గారు హోదా బదులు ప్యాకేజీ అన్నారు. మన రాష్ట్ర ప్రభుత్వం సరేనంది. నోటితో వచ్చింది నోటితోనే పోయింది.

ఆ తర్వాతది ఇంకా బాధ. 2018 మార్చిలో వైసీపీ కేంద్రం మీద అవిశ్వాసం నోటీసు ఇచ్చింది. తెలుగుదేశం మొదట మద్దతిస్తామంది. తెల్లారేసరికి ఎన్డీఏలోంచి బయటికి వచ్చి తన నోటీసు తను ఇచ్చుకుంది. సభ సద్దుమణగలేదని ఏదీ చర్చకి రాలేదు. ఏప్రిల్‌లో వైసీపీ ఎంపీలు అయిదుగురూ రాజీనామాలు చేశారు. జూలై 20న ఆఖరికి తెలుగుదేశం తీర్మానం ఓటింగ్‌కి వస్తే, ఆ అయిదుగురూ సభలో లేరు. 126కి 325తో వీగిపోయింది. వాళ్ళుంటే మాత్రం గెలిచేదా అంటే గెలవదు, అది నాకూ తెలుసు. కానీ ఒకే కోరిక ఉన్న రెండు పార్టీలు, ఒకే రాష్ట్రంవి, ఆ కోరిక కోసం ఒక్కరోజైనా ఒకే బల్ల మీద చెయ్యి వెయ్యలేకపోయాయి. పేరు అవతలివాడికి వస్తుందేమో అని. గట్టు తగాదాలో నీళ్ళు పక్కూరికి పోయినట్టు.

2019లో 22 మంది ఎంపీలతో గెలిచిన జగన్ గారు ఢిల్లీలో మోదీ గారిని కలిసి వచ్చి ఏమన్నారో గుర్తుందా? బీజేపీకి 250 లోపు వచ్చి ఉంటే మన మాట చెల్లేది, ఇప్పుడు అడుగుతూనే ఉండాలి అని. నిజాయితీగా చెప్పిన మాటే. సరే, 2024లో సరిగ్గా అదే జరిగింది. బీజేపీకి 240. మన రాష్ట్రం నుంచి తెలుగుదేశానికి 16, జనసేనకి 2. అయిదేళ్ళు కలలుగన్న లెక్క చేతికొచ్చింది. హోదా మాట ఎత్తారా? ఇప్పుడు అడగాల్సినవాళ్ళు అడగరు, అప్పుడు అడుగుతానన్నవాళ్ళకి నలుగురే ఎంపీలు. అమరావతికి 15 వేల కోట్లు అన్నారు 2024 జూలై బడ్జెట్‌లో, అదీ ప్రపంచ బ్యాంకు లాంటి చోట్ల నుంచి సర్దే ఏర్పాటు. వచ్చినదాన్ని కాదనను. కానీ బలం ఉన్నరోజు ఏం రాయించుకున్నాం అన్నదే నా ప్రశ్న.

బేరాలాడటమే తప్పని కొందరంటారు. నేననను. కొబ్బరి దింపు తీసినవాడు బేరం ఆడకపోతే ఏం తింటాడు? అసలు మన కోనసీమ దేశానికి తెలిసిందే ఒక బేరం వల్ల. 1998లో వాజ్‌పేయి గారికి బలం చాలక తెలుగుదేశం బయట నుంచి మద్దతిస్తే, మన బాలయోగి గారు లోక్‌సభ స్పీకరయ్యారు. ఎదుర్లంక నుంచి వెళ్ళిన దళితబిడ్డ ఆ కుర్చీలో కూర్చుంటే మనందరి ఛాతీ పొంగింది. ఏడాది తిరిగిందో లేదో, జయలలిత గారు మద్దతు లాగేసుకున్నారు. 1999 ఏప్రిల్ 17న 269కి 270. ఒక్క ఓటు. ఒడిశా ముఖ్యమంత్రి అయిపోయి ఇంకా ఎంపీగా ఉన్న గమాంగ్ గారు ఓటేయొచ్చా అంటే, ఆయన మనస్సాక్షికి వదిలేస్తున్నా అన్నారు మన బాలయోగి గారు. ఆయన వేశారు. గవర్నమెంటు పడిపోయింది. నిబంధన లేని చోట మనస్సాక్షికి వదిలేస్తే ఏమవుతుందో ఆరోజు మన కోనసీమాయన కళ్ళ ముందే జరిగింది.

ఆ బేరాల రోజుల్లోనే మనకొక రైలు మొదలైంది. కోటిపల్లి-నర్సాపురం, 57 కిలోమీటర్లు, 2000-01 బడ్జెట్‌లో మంజూరు. గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడూ దాటాలి. బాలయోగి గారు 2002 మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. ఆ లైను వెనక తిరిగే మనిషి లేకుండా పోయాడు. ఆ తర్వాత రాష్ట్రం నాలుగో వంతు ఖర్చు పెట్టుకోవాలన్న లెక్క. కేంద్రాన్ని అడిగితే రాష్ట్రం తన వాటా కట్టలేదంటుంది, రాష్ట్రాన్ని అడిగితే కేంద్రానిదే జాప్యం అంటుంది. ఎవరిది అధికారమో దాన్నిబట్టి ఎవరు ఎవరిని తిట్టాలో మారుతుంది, అంతే. పాతికేళ్ళు దాటింది. కోటిపల్లి రేవులో పంటు ఎక్కి ముక్తేశ్వరం వస్తుంటే గౌతమిలో స్తంభాలు కనపడతాయి. మీరూ చూసే ఉంటారు.

ఈ పాతికేళ్ళలో మన అమలాపురం సీటు ఎన్ని రంగులు చూసిందండీ! హర్షకుమార్ గారు విభజన వద్దని సొంత గవర్నమెంటు మీదే అవిశ్వాసం నోటీసిచ్చి 2014లో కాంగ్రెస్ నుంచి బహిష్కరణకి గురయ్యారు. తర్వాత తెలుగుదేశం నుంచి గెలిచిన రవీంద్రబాబు గారు 2019 ఎన్నికల ముందు వైసీపీలోకి వెళ్ళారు. తర్వాత వైసీపీ నుంచి అనురాధ గారు. ఇప్పుడు బాలయోగి గారి అబ్బాయి హరీష్ గారు. అన్ని పార్టీలకీ ఛాన్సు ఇచ్చాం. మన మీద ఆ అపవాదు లేదు.

అసలు కాగితం అంటే మనకే భయం కదా, పార్టీలని ఏమంటాం. కౌలు సంగతి చూడండి. ఎకరానికి ఇన్ని బస్తాలని నోటి మాట మీదే మన చేలన్నీ నడుస్తున్నాయి. పంట సాగుదారు హక్కుల చట్టం 2019లో వచ్చింది. పదకొండు నెలలకే చెల్లే కార్డు, భూమి హక్కుకి ఏ ఢోకా లేదని అందులోనే ఉంది. అయినా సంతకం పెట్టమంటే యజమాని మొహం మాడిపోతుంది. "ఇన్నాళ్ళ నమ్మకం, ఇప్పుడు కాగితం కావాలొచ్చిందా?" అంటాడు. కౌలు రైతు నోరు మూసుకుంటాడు, మళ్ళీ ఏడు చేను ఇవ్వడేమో అని. నేను కొంత సొంతం, కొంత కౌలు. ఆ మాట నేనూ పడ్డాను. నిజం చెప్పాలంటే మా పెద్దవాళ్ళ చేను ఇంకొకరికి ఇచ్చినప్పుడు ఆ మాట మేమూ అన్నాం. తుపాను వచ్చి చేను పడుకున్నాక నష్టపరిహారం ఎవరి ఖాతాలో పడుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

అలాగని కాగితం ఎక్కితే చాలనుకోకండి. ఏ మాటతో ఎక్కిందో చూడాలి. అదే విభజన చట్టంలో కడప ఉక్కు ఉంది, విశాఖ రైల్వే జోన్ ఉంది. కానీ అక్కడ రాసింది "పరిశీలిస్తుంది" అని. పోలవరానికి రాసింది "చేపడుతుంది" అని. ఆ ఒక్క క్రియ దగ్గర ఎన్నేళ్ళు పోయాయో చూడండి. జోన్ ప్రకటన 2019 ఫిబ్రవరిలో, దాని కార్యాలయానికి శంకుస్థాపన 2025 జనవరిలో. కడప ఉక్కు సంగతి సరేసరి. పరిశీలించమన్నారు, పరిశీలించారు. అమెరికావాళ్ళు ఓటింగ్ పెడతామని పెట్టినట్టే.

ఇక మన సంగతి. మన పార్టీ అధికారంలో ఉంటే డ్రైను గురించి మాట్లాడం, ఎందుకొచ్చిన ఇబ్బంది అని. అవతలి పార్టీ ఉంటే రోజూ మాట్లాడతాం, కానీ పని కోసం కాదు, తిట్టడం కోసం. ఇది నాయకులకి బాగా తెలుసు. ఊళ్ళో సగంమంది ఎప్పుడూ నోరు మూసుకునే ఉంటారని వాళ్ళ లెక్క. సగం సగం మారుతుంటాం, అంతే. 2011లో మనం గెలవకపోయినా దేశం మన వంక చూసిందంటే, ఆ సార్వాలో చేను వదిలేసినవాళ్ళలో అన్ని పార్టీలవాళ్ళూ ఉండబట్టే.

అందుకని ఒక పని అనుకుంటున్నాను. ఈసారి కాలువలు కట్టేసే రోజులకి ముందే, మా ఊరి ఆయకట్టులో రెండు పార్టీలవాళ్ళమూ కలిసి ఒక్క కాగితం రాసి ఇద్దామని. అందులో రెండే సంగతులు. మా డ్రైను ఎక్కడి నుంచి ఎక్కడిదాకా తవ్వుతారు, ఏ తారీకుకి అవుతుంది. కింద అధికారి సంతకం. "చూస్తాం", "పరిశీలిస్తాం" అని రాసిస్తే తీసుకోం. కౌలు కార్డు సంగతి కూడా ముందు మా ఇంటి నుంచే మొదలెడతాం, మా పెద్దవాళ్ళ చేను చేస్తున్నాయనకి ఈ ఏడు సంతకం పెట్టిస్తున్నాను. ఇంట్లో ఇంకా ఒప్పుకోలేదు, ఒప్పిస్తాను.

మీ ఊళ్ళో ఎవరైనా ఇలా తారీకు వేయించుకుని పని చేయించుకున్నవాళ్ళుంటే కింద రాయండి. ఎలా రాశారు, ఎవరి చేత సంతకం పెట్టించారు, అది కావాలి. పార్టీ పేర్లు రాస్తే మాత్రం తీసేస్తాను, ఏమనుకోకండి.